కర్ర నీడ, వాన సీసా, చెరువు గట్టు: 3, 4, 5 తరగతుల పిల్లలతో బడి బయట సైన్సు చేయించడం ఎలా

బడులు తెరిచిన జూన్ నెలలో, మబ్బు విడిచి ఎండ కాసిన ఒక మిట్టమధ్యాహ్నం పిల్లల్ని అడగండి: ఆటస్థలంలో నిటారుగా పాతిన కర్ర నీడ ఇప్పుడు ఏ దిక్కుకి పడుతుంది? పుస్తకంలో బొమ్మ గుర్తున్నవాళ్ళు ఉత్తరం అంటారు. మిగతావాళ్ళు అసలు నీడే ఉండదంటారు. బయటికి వెళ్ళి చూస్తే నీడ ఉంటుంది, అది దక్షిణానికి పడి ఉంటుంది. మన శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు భూమధ్యరేఖకి 18 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉన్నాయి. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఇంకా ఉత్తరాన ఉంటాడు. ఆ పిల్లలకి ఈ మాట ముందే చెప్పేస్తే పాఠం అక్కడితో అయిపోతుంది. చెప్పకుండా కర్ర దగ్గరికి తీసుకెళ్తే ఏడాదంతా నడుస్తుంది.

పిల్లలని బస్సెక్కించి ఏడాదికోసారి నాలుగు చోట్లు చూపించడం మంచిదే. అంతకన్నా మంచిది బడి ఆవరణలోనే ఒక కర్ర, ఒక సీసా, ఒక చెట్టు పెట్టుకుని జూన్ నుంచి మార్చి దాకా వాటి దగ్గరికే పదే పదే వెళ్ళడం. ఒకసారి చూసింది చూసినట్టే ఉండిపోతుంది. పదిసార్లు కొలిచింది మారుతూ కనిపిస్తుంది. ఆ మార్పు పిల్ల కంటపడితే ప్రశ్న తనంతట తనే పుడుతుంది.

గది దాటేముందు

ముప్పైమంది ఉంటే ఐదుగురు చొప్పున ఆరు జట్లు చెయ్యండి. జట్టులో ఒకరు కొలుస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు టైము చూస్తారు, ఒకరు సామాను లెక్కపెట్టి తెస్తారు, ఒకరు బొమ్మ గీస్తారు. వచ్చేవారం పనులు మారాలి. మార్చకపోతే అందంగా రాసే అమ్మాయి ఏడాదంతా రాస్తూనే ఉంటుంది, టేపు ఒక్కసారీ పట్టుకోదు.

40 నిమిషాల పీరియడ్‌లో మొదటి 5 నిమిషాలు గదిలోనే ఉండి ఊహ రాయించండి. బయటికి వెళ్ళాక ఎవరూ మాట వినరు, కాబట్టి చెప్పాల్సిందంతా లోపలే చెప్పేయాలి. 25 నిమిషాలు బయట, 10 నిమిషాలు మళ్ళీ లోపల. నోటు పుస్తకంలో నాలుగు గడులు: ఏమనుకున్నాం, ఎంత కొలిచాం, ఏం చూశాం, ఏం అర్థం కాలేదు. మొదటి గడిలో రాసింది తప్పని తేలినా కొట్టేయనివ్వకండి. తప్పు ఊహకి ఎర్ర సిరా పడిందంటే పైవారం నుంచి అందరూ పక్కవాడి ఊహనే రాస్తారు.

పురుగుకో మొక్కకో పుస్తకం పేరు తెలియకపోతే ఇంట్లో పిలిచే పేరే రాయమనండి. మందస, మెళియాపుట్టి కొండ పల్లెల్లో సవర పిల్లలకి చెట్ల పేర్లు వాళ్ళ భాషలో వస్తాయి. ఆ పేరు తెలుగు లిపిలో రాసుకుంటే చాలు.

కర్ర నీడ

మొత్తం మార్గదర్శిలో ఒక్కటే చేయగలమంటే ఇది చెయ్యండి. ఖర్చు లేదు, పాడయ్యేది లేదు, ఏడాదంతా పనికొస్తుంది. మన పాత ఖగోళ గ్రంథాల్లో ఇలా నిలబెట్టిన కర్రని శంకువు అంటారు.

కావలసినవి: 1.3 మీటర్ల నిటారైన వెదురు కర్ర లేదా పీవీసీ గొట్టం, పదిహేను గులకరాళ్ళు, సుతిలి తాడు, బట్టలు కుట్టేవాళ్ళ టేపు, చిన్న రాయి కట్టిన దారం, సుద్దముక్క.

జెండా స్తంభం ఉంది కదా, మళ్ళీ కర్ర ఎందుకు అనిపించవచ్చు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ. అందుకే నీడ కొన మసకబారుతుంది. 1 మీటరు కర్రకి ఆ మసక 1 సెంటీమీటరు వరకు ఉంటే, 6 మీటర్ల స్తంభానికి 5 సెంటీమీటర్లు దాటుతుంది. దాని కొన ఎక్కడో పిల్లలు తేల్చుకోలేరు. పైగా స్తంభం కింద మెట్ల గద్దె ఉంటే నీడ విరిగిపోతుంది.

1. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా చెట్టు నీడ, గోడ నీడ పడని చోటు చూడండి. కర్ర చుట్టూ 2 మీటర్లు ఖాళీ కావాలి. నేల చదునుగా ఉందో లేదో ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి పెడితే తెలుస్తుంది.
2. కర్రని 30 సెంటీమీటర్లు లోపలికి పాతండి, పైన సరిగ్గా 1 మీటరు ఉండాలి. రాయి కట్టిన దారాన్ని ముందు ఒక వైపు నుంచి, తర్వాత దానికి అడ్డంగా ఇంకో వైపు నుంచి వేలాడదీసి కర్ర నిటారుగా ఉందేమో చూడండి. ఒక వైపు నుంచే చూడటం అందరూ చేసే పొరపాటు.
3. ఉదయం 9:30కి నీడ కొన దగ్గర గులకరాయి పెట్టండి. కర్ర మొదట్లో సుతిలి ఉచ్చు వేసి, ఆ నీడ ఎంత పొడుగుందో అంత పొడుగున నేలమీద గుండ్రం గీయండి.
4. ప్రతి అరగంటకీ ఒక జట్టు వెళ్ళి కొన దగ్గర రాయి పెట్టి, రాతిమీద సుద్దతో టైము రాసి రావాలి. తరగతంతా ఎండలో కూర్చోనక్కర్లేదు.
5. మధ్యాహ్నం దాటాక నీడ మళ్ళీ పెరిగి గుండ్రాన్ని ఇంకోచోట తాకుతుంది. అక్కడ మరో రాయి. గుండ్రం మీది రెండు రాళ్ళనీ తాడుతో కలిపితే అది తూర్పు పడమరల గీత. ఆ తాడు నడిమధ్య నుంచి కర్ర మొదలుకి గీసింది ఉత్తర దక్షిణాల గీత.

ఈ గీతని సిమెంటు మీదైతే రంగుతో, మట్టిలోనైతే రెండు ఇటుకలు పాతి శాశ్వతం చేసుకోండి. ఇకపై ఏ రోజైనా కర్ర నీడ ఈ గీత మీదికి వచ్చిన క్షణమే మీ ఊరి మధ్యాహ్నం. అప్పుడు కొలిస్తే చాలు.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. గడియారంలో 12 కాగానే కొలిచి, లెక్క కుదరలేదని వదిలేస్తారు. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం టైము చూపిస్తాయి. శ్రీకాకుళం పట్టణం దానికి తూర్పున, 83.9 దగ్గర ఉంది. అందుకే ఇక్కడ సూర్యుడు సగటున ఐదారు నిమిషాలు ముందే నడిమింటికి వస్తాడు. భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, అక్షం కూడా వంగి ఉంది, కాబట్టి మరికొంత తేడా కలుస్తుంది. నవంబరు మొదట్లో శ్రీకాకుళంలో అసలు మధ్యాహ్నం 11:38కే అవుతుంది, ఫిబ్రవరి నడుమ 12:08కి. ఇదంతా నాలుగో తరగతికి చెప్పనక్కర్లేదు. "అతి పొట్టి నీడ ఏ టైముకి వచ్చింది?" అని అడిగి, వచ్చిన టైముని అలాగే రాయించండి.

"అతి పొట్టి నీడ" కోసం టేపు పట్టుకుని కాచుకోవడం మాత్రం వద్దు. మధ్యాహ్నం అటూ ఇటూ పది నిమిషాల్లో పొడవు కొద్ది మిల్లీమీటర్లే మారుతుంది, పిల్లలు ఒకరితో ఒకరు వాదించుకుంటారు. గుండ్రం పద్ధతిలో ఆ చిక్కు లేదు.

1 మీటరు కర్రకి ఈ రెండు పట్టణాల దగ్గరా రావలసిన మధ్యాహ్నపు నీడలు ఇవి: జూన్ 21న దక్షిణానికి సుమారు 9 సెంటీమీటర్లు, సెప్టెంబరు 23న ఉత్తరానికి 33, డిసెంబరు 22న ఉత్తరానికి 89. జూలై 25 నుంచి ఆగస్టు 5 దాకా నీడ 3 సెంటీమీటర్లు దాటదు, నడుమ ఒక రోజు దాదాపు మాయమవుతుంది. అవి ముసురు రోజులు, అందుకని ఒక్క రోజు మీద ఆశ పెట్టుకోకుండా ఆ పది రోజులూ మధ్యాహ్న భోజనం ముందు ఒక కన్ను కర్ర మీద వేయండి. కొలతలో రెండు మూడు సెంటీమీటర్ల తేడా మామూలే. పది వస్తే కర్ర వాలిందని అర్థం: కొస 3 సెంటీమీటర్లు ఒరిగితే నీడ కొనా 3 సెంటీమీటర్లు జరుగుతుంది. వాన తర్వాత ప్రతిసారీ దారంతో సరిచూడండి.

సెప్టెంబరు 23 ప్రాంతంలో ఆ రోజు పెట్టిన రాళ్ళన్నీ ఒకే తిన్నని వరసలో వస్తాయి. డిసెంబరులో అదే వరస వంపు తిరుగుతుంది. రెండిటినీ కాగితం మీద దించుకుని పక్కపక్కన గోడకి అంటించండి.

అరసవల్లి సూర్యదేవాలయం సంగతి ఈ పిల్లలందరికీ తెలుసు: మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబరు మొదటి వారంలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయి. ఏడాదిలో రెండుసార్లే ఎందుకు? ఆ రెండు సమయాల్లో సూర్యుడు తూర్పుకి దాదాపు 4 డిగ్రీలు దక్షిణంగా, ఒకే చోట ఉదయిస్తాడు. ఒకసారి దక్షిణానికి పోతూ, ఒకసారి తిరిగి వస్తూ. తూర్పు వాకిలి ఉన్న ఇంటి పిల్లలు దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. తలుపు తీసి, లోపలి గోడమీద పడ్డ మొదటి ఎండ పట్టీ అంచున సుద్దతో గీత గీసి తేదీ రాయాలి. పదిహేను రోజులకో గీత. అక్టోబరు 2న గీసినదాని మీదికి మార్చి 10 పట్టీ వచ్చి కూర్చుంటుంది. చూడాల్సింది గోడని, సూర్యుణ్ణి నేరుగా చూడకూడదని ప్రతిసారీ చెప్పండి.

అదే కర్రతో చెట్టు ఎత్తు కూడా వస్తుంది. 1 మీటరు కర్ర నీడ సరిగ్గా 1 మీటరు అయిన క్షణాన, చెట్టు నీడ ఎంత పొడుగో చెట్టు అంత ఎత్తు. సెప్టెంబరు ఆఖరున ఇది ఉదయం 9 ప్రాంతంలో, అసెంబ్లీ వేళకి వస్తుంది. డిసెంబరు ఆఖరున 10:45 ప్రాంతంలో. కొబ్బరి, తాడి చెట్లకి బాగా కుదురుతుంది. గొడుగులా విరబూసిన మర్రికి కుదరదు, దాని నీడ కొన చెట్టు నెత్తిది కాదు, పక్క కొమ్మది.

వాన సీసా

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, నిలువు గోడలున్నది తీసుకోండి. నడుము నొక్కినట్టుండేది పనికిరాదు. పైభాగం కోసి, తలకిందులు చేసి గరాటులా అందులోనే దించి, అంచుకి టేపు వేయండి. కోత మాస్టారే కోయాలి. సీసా అడుగు ఎగుడు దిగుడుగా ఉంటుంది కనుక గులకరాళ్ళు వేసి, అవి మునిగి గోడ నిలువుగా మొదలయ్యే దాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత గీయండి. పాతేటప్పుడు మూతి నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, తక్కువైతే నేలమీద చిట్లిన తుంపర్లు లోపల పడతాయి. గోడ 4 మీటర్ల ఎత్తుంటే సీసా దానికి 8 మీటర్ల దూరంలో ఉండాలి. చూరు కింద పెట్టి "మా ఊళ్ళో 200 మిల్లీమీటర్లు పడింది" అనుకోవడం చాలా చోట్ల జరిగేదే.

రోజూ ఉదయం 8:30కి కొలవండి, వాతావరణ శాఖ రోజు లెక్కా ఆ టైముకే. బడి 9కి తెరిస్తే 9కే కొలవండి, రోజూ అదే టైము అయితే చాలు. చిన్న వానకి స్కేలు మీద గీత కనిపించదు. దానికో ఉపాయం ఉంది. సీసా మూతి 11 సెంటీమీటర్ల వెడల్పుంటే, 1 మిల్లీమీటరు వానకి సుమారు 9.5 మిల్లీలీటర్ల నీళ్ళు పడతాయి. సున్నా గీతకి పైనున్న నీళ్ళని దగ్గుమందు సీసా మీది 10 మిల్లీలీటర్ల మూతతో కొలిస్తే, ఒక మూత అంటే దాదాపు ఒక మిల్లీమీటరు. ఒంపాక నీళ్ళు మళ్ళీ సున్నా గీత దాకా ఉండాలి. ఎండ రోజుల్లో అవి ఆవిరవుతాయి, పొద్దున్నే సరిచేయకపోతే మర్నాటి లెక్క తగ్గిపోతుంది.

"పెద్ద బకెట్టు పెడితే ఎక్కువ వాన పడుతుంది కదా?" అని కచ్చితంగా ఒకరు అడుగుతారు. జవాబు చెప్పకండి. నిలువు గోడల డబ్బాలు రెండు, ఒకటి సన్నగా ఒకటి వెడల్పుగా, పక్కపక్కన పెట్టి మర్నాడు రెండిట్లో లోతు కొలిపించండి. బకెట్టు వద్దు, దాని గోడలు వాలుగా ఉంటాయి, లోతు తప్పొస్తుంది.

24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ భారీ వర్షం అంటుంది, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాన్లు చూసిన జిల్లాలివి. టీవీలో చెప్పే ఆ మాటలకి కొలత ఎంతో ఇక్కడి పిల్లకి తెలిసి ఉండటం అవసరం. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు సీసా లోపల పెట్టేయండి. ఆ రోజు కొలత లేకపోయినా ఫర్వాలేదు.

నేల ఎంత నీరు తాగుతుంది

ప్లంబరు దగ్గర మిగిలిన 4 అంగుళాల పీవీసీ గొట్టం ముక్క, 15 సెంటీమీటర్ల పొడుగున్నది తెచ్చుకోండి. తుప్పు పట్టిన డబ్బా వద్దు, చేతులు కోసుకుంటారు. గొట్టాన్ని 3 సెంటీమీటర్లు నేలలోకి దిగగొట్టి అర లీటరు నీళ్ళు పోసి, ఇంకడానికి ఎంతసేపో చూడండి. ఆటస్థలం నడిమధ్య ఒకసారి, చెట్టు కింద ఒకసారి. తొక్కి తొక్కి గట్టిపడ్డ నేలలో నీళ్ళు నిలబడిపోతాయి. చెట్టు కింద వేళ్ళూ వానపాములూ చేసిన సందుల్లోంచి తొందరగా దిగుతాయి. అంచు కింద నుంచి పక్కకి కారితే ఆ లెక్క చెల్లదు, బయట తడిమట్టి మెత్తి మళ్ళీ చేయండి. అదే చోట రెండోసారి పోస్తే నెమ్మదిగా ఇంకుతుంది, కాబట్టి పోల్చేటప్పుడు మొదటిసారి లెక్కల్నే పోల్చాలి. ఉద్దానం ఊళ్ళలో ఇసుక నేల కనుక గడియారం చూసేలోగానే ఇంకిపోతుంది. అక్కడ ఒక లీటరు పోయండి.

చెరువు గట్టు

దీనికి ఇద్దరు పెద్దవాళ్ళు లేకపోతే వెళ్ళొద్దు. ఒకరు నేర్పుతారు, రెండోవారు పిల్లల్ని తప్ప ఇంకేదీ చూడకూడదు. లోతుగా తవ్విన చెరువు, వానలకి పొంగే గెడ్డ పనికిరావు. మోకాలి లోతు దాటని బంద (చిన్న కుంట), లేదా పొలం పక్క నీళ్ళ కాలువ చాలు. ఎవరూ నీళ్ళలో దిగరు, గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని జాలి వేస్తారు. ఒక్కొక్కసారి ఒక జట్టే, మిగతావాళ్ళు గట్టుకి 5 మీటర్లు వెనక.

టీ వడకట్టే పెద్ద జాలిని 1.2 మీటర్ల వెదురు కర్రకి కట్టుతీగతో బిగించండి, తీగ కొనలు టేపుతో కప్పండి. తెల్లని ప్లాస్టిక్ టబ్బులో అదే చెరువు నీళ్ళు నాలుగు వేళ్ళ లోతున పోయండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే పురుగులు చస్తాయి. స్టీలు పళ్ళెంలో వెలుతురు తళతళలాడి ఏమీ కనిపించదు. జాలిని కలుపు మొక్కల మొదళ్ళలో ఎనిమిది అంకెలా నాలుగుసార్లు తిప్పి, టబ్బులో బోర్లించాలి. అడుగు బురద కెలికితే టబ్బు నిండా మట్టే వస్తుంది. వచ్చాక రెండు నిమిషాలు ఎవరూ కదపకూడదు. మట్టి తేరాక కదలికలు మొదలవుతాయి.

తోకకప్పలు, నత్తలు, నీటిమీద పరుగెత్తే పొడుగు కాళ్ళ పురుగులు, తూనీగ పిల్లలు దొరుకుతాయి. తూనీగ పిల్లకి రెక్కలుండవు, నీళ్ళలోనే పెరుగుతుంది, దోమ పిల్లల్ని తింటుంది. దోమ పిల్లలు దొరికితే వదలొద్దు, అవి ఊపిరి పీల్చడానికి పైకి రావడం చూపించండి. నీటిమీద తలకిందులుగా ఏటవాలుగా వేలాడేవి క్యూలెక్స్, ఏడిస్ రకాలు. నీటిమట్టానికి సమాంతరంగా పడుకుని ఉండేవి అనాఫిలిస్, మలేరియా మోసేవి అందులోవే. గుడ్డు నుంచి దోమ కావడానికి వేడి రోజుల్లో వారం పది రోజులే పడుతుందని, అందుకే తొట్టెల్లో నీళ్ళు వారానికోసారి పారబోయాలని అప్పుడు చెబితే తలకెక్కుతుంది. దోమ పిల్లల్ని మాత్రం పొడి నేలమీద పారబోయండి. మిగతా జీవుల్ని ఇరవై నిమిషాల్లోగా, పట్టిన చోటే వదిలేయాలి. ఆఖరున సబ్బుతో చేతులు కడగడం పాఠంలో భాగమే.

తాకకూడనివి

బడి కంచెల్లోనే చాలా ఉంటాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పచ్చగన్నేరు కాయ, ఉమ్మెత్త కాయ విషం. దూలగొండి నూగు, వయ్యారిభామ ఒంటికి తగిలితే దురద. ముందురోజు మాస్టారు ఆ దారిన నడిచి ఇవి ఎక్కడున్నాయో చూసి, పిల్లలకి దూరం నుంచి చూపించాలి. రాళ్ళని పిల్లలు ఎత్తకూడదు. పెద్దవాళ్ళే కర్రతో, అవతలి అంచు పైకి లేచేలా తిప్పాలి, అప్పుడు తేలైనా పామైనా అవతలికే పోతుంది. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. మార్చి వచ్చాక బయట పనులన్నీ 9:30 లోపే ముగించండి.

ఒక్క ప్రయాణం ఉంటే

పక్షులు గూళ్ళు పెట్టే చోటికి వెళ్ళండి: టెక్కలి దగ్గర తేలినీలాపురం, లేదా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. మొదటిచోట గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చలికాలంలో గూళ్ళ మీద ఉంటాయి. రెండోచోట నత్తగుల్ల కొంగలు వానాకాలంలో ఊరి చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. "సైబీరియా పక్షులు" అని అందరూ అంటారు. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మన ఉపఖండంలో, ఆగ్నేయాసియాలో బతికే జాతులు, గూళ్ళు పెట్టేదీ ఇక్కడే. పిల్లలకి ఆ మాట సరిచేసి చెప్పండి.

అక్కడికెళ్ళి పక్షులన్నిటినీ లెక్కపెట్టించబోకండి, లెక్క తెగదు. జట్టుకో గూడు ఇవ్వండి. ఇరవై నిమిషాలు ఆ ఒక్క గూటినే చూసి, పెద్ద పక్షి ఎన్నిసార్లు వచ్చింది, ఏ దిక్కు నుంచి వచ్చింది, గూటిలోవి ఏం చేశాయి అన్నది రాయాలి. దిక్కు తెలియడానికి బడిలో గీసిన ఉత్తర దక్షిణాల గీత గుర్తుచేయండి: 1 అడుగు పుల్ల గుచ్చి, ఇరవై నిమిషాల తేడాతో నీడ కొన రెండుసార్లు గుర్తుపెట్టి కలిపితే ఆ గీత తూర్పు పడమరలకి దగ్గరగా ఉంటుంది, మొదటి గుర్తు ఉన్న వైపు పడమర. తెల్ల చొక్కాలు, ఈలలు, చెట్టు మొదట్లో నిలబడటం వద్దు. రెట్టలు పడతాయి, పైగా పెద్ద పక్షి బెదిరి లేచిపోతే గూటిలోని పక్షి పిల్లలు ఎండకి మాడతాయి.